ఆయిల్ ట్యాంకు తీయించాలి, అడుగున మిగిలిన ఆయిల్‌ను ఏం చేయాలి?

కొత్తిల్లు | ఎడిసన్, న్యూజెర్సీ | అక్టోబరు 19

అందరికీ నమస్కారం. వేసవిలో ఇల్లు కొన్నాం. 1960లలో కట్టినది. వేడి కోసం ఆయిల్ ఫర్నేసు, దానికి బేస్‌మెంటులో ఒక మూల 275 గ్యాలన్ల ఇనుప ట్యాంకు. వీధిలో గ్యాసు లైను ఉంది కాబట్టి గ్యాసుకు మారిపోదామని నిర్ణయించుకున్నాం. నవంబరు రెండో వారంలో పని మొదలు.

చిక్కు ఇక్కడే వచ్చింది. కాంట్రాక్టరు పాత ఫర్నేసును పట్టుకుపోతాడట కానీ ట్యాంకును ముట్టుకోడట. ఒప్పందంలో చిట్టచివర చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. గేజి పావు కంటే కాస్త పైన చూపిస్తోంది. ఆయిల్ కంపెనీవాళ్లకు ఫోను చేసి వెనక్కి తీసుకుంటారా అని అడిగితే, అమ్మడమే తప్ప కొనడం తమకు లేదన్నారు. గ్యాలను మూడున్నర డాలర్లు పోసి కొన్న సరుకు మరి!

మిగిలిన ఆయిల్ ఎవరికివ్వాలి? ట్యాంకు ఎవరు తీస్తారు? తీయించకుండా అలాగే వదిలేస్తే నష్టమా? ఆ వాసనకు మా ఆవిడ బేస్‌మెంటులోకి దిగడమే మానేసింది. కాబట్టి మూడో ప్రశ్నకు "వదిలేయండి, ఏమీ కాదు" అని మాత్రం ఎవరూ రాయకండి.

పొగగొట్టం | వోబర్న్, మసాచుసెట్స్ | అక్టోబరు 19

కొత్త ఇంటికి శుభాకాంక్షలు. అన్నిటికంటే ముందు చేయాల్సింది: ఆటోమేటిక్ డెలివరీ ఉంటే ఇవాళే రద్దు చేయించండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి, ఈమెయిల్ పంపి జవాబు తెప్పించుకోండి. వాళ్లు మీ గేజి చూసి రారు. బయటి చలిని బట్టి ఇన్నాళ్లకు ఇంత కాలి ఉంటుందని లెక్కగట్టి లారీ పంపుతారు. మీరు ఖాళీ చేసుకోవాలని చూస్తుంటే వాళ్లు నింపి వెళ్తారు, బిల్లు తలుపుకు తగిలిస్తారు.

ఇక మిగిలిన ఆయిల్ సంగతి. దానికి మీ ఫర్నేసును మించిన గిరాకీదారు దొరకడు. 275 గ్యాలన్ల ట్యాంకులో పావు వంతు అంటే అరవై, డెబ్బై గ్యాలన్ల మధ్య అనుకోండి. బర్నరు నాజిల్ (ఆయిల్‌ను మంటలోకి చిమ్మే ముక్కు) మీద 0.85 లాంటి అంకె ఉంటుంది. ఆగకుండా గంటసేపు మండితే దాదాపు అన్ని గ్యాలన్లు తాగుతుందని దాని అర్థం. చలి రోజుల్లో బర్నరు రోజుకు ఆరు గంటలు మండిందంటే ఐదు గ్యాలన్లు పోయినట్టే. నవంబరు రెండో వారానికి గేజి అడుగుకు దిగుతుంది. అవసరమైతే గ్యాసుకు మారడాన్ని ఒక వారం వాయిదా వేయండి. ఆయిల్‌ను పంపుతో తోడించి పారేయడానికి డబ్బు కట్టే బదులు ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం నయం కదా.

ఒక్క జాగ్రత్త. పూర్తిగా ఎండగట్టకండి. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఉంటుంది. తుప్పు, నీరు, నల్లటి జిగురు కలిసిన బురద అది. మట్టం బాగా దిగితే అది లైనులోకి వచ్చి ఫిల్టరును, నాజిల్‌ను మూసేస్తుంది. కొత్త ఫర్నేసు రాకముందే చలిలో కూర్చోవాల్సి వస్తుంది.

రెంచి | పిస్కాటవే, న్యూజెర్సీ | అక్టోబరు 19

అరవై గ్యాలన్ల గురించి ఇంత ఆలోచన ఎందుకండీ? హీటింగ్ ఆయిల్ అంటే దాదాపు డీజిలే. డీజిలు పికప్ ఉన్న స్నేహితుణ్ని పిలవండి, రెండు డబ్బాలు పట్టుకుపోతాడు, టీ కూడా తాగి వెళ్తాడు.

ఎర్రమట్టి | ప్రిన్స్‌టన్ దగ్గర | అక్టోబరు 20

రెంచి గారూ, ఆ స్నేహితుడు మళ్లీ మీతో మాట్లాడాలనుకుంటే ఆ సలహా ఇవ్వకండి. ఇళ్లకు వచ్చే ఆయిల్‌లో ఎర్ర రంగు కలుపుతారు. రోడ్డు పన్ను కట్టని ఇంధనమని గుర్తుపట్టడానికే ఆ రంగు. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో అది దొరికితే ఫెడరల్ జరిమానా 1,000 డాలర్లు, లేదా గ్యాలనుకు 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. కొంచెం కలిపినా రంగు పట్టిస్తుంది. రోడ్డెక్కని జనరేటరుకో పొలంలో ట్రాక్టరుకో అయితే పన్ను గొడవ లేదు. అప్పుడు కూడా పాత ట్యాంకు అడుగు సరుకును కొత్త డీజిలు ఇంజనులో పోయడం ఇంజెక్టర్లకు మంచిది కాదు.

నా ఉద్యోగం పర్యావరణ సంస్థలో, నేల కాలుష్యం పరీక్షలు. న్యూజెర్సీ పద్ధతి తెలుసు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ట్యాంకు తీయడానికి మీ టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో పర్మిట్ కావాలి. బేస్‌మెంటులో నేల మీద ఉన్నదైనా సరే. సాధారణంగా ట్యాంకు తీసేవాళ్లే దరఖాస్తు పెడతారు, రుసుము మీ బిల్లులో కలుపుతారు. "పర్మిట్ ఎందుకండీ, నగదు ఇస్తే రేపే తీసేస్తాం" అనేవాడు దొరికితే దండం పెట్టి పంపేయండి. పని అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెడితేనే పర్మిట్ మూసినట్టు. సగంలో వదిలిన పర్మిట్ ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది, అప్పుడు పని చేసినవాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

కొత్తిల్లు గారిని ఒక మాట అడగాలి. కొనేముందు పెరట్లో ట్యాంకు వెతికించారా? 1960ల ఇల్లంటున్నారు. ఇప్పుడు బేస్‌మెంటులో ట్యాంకు ఉన్నంత మాత్రాన నేలలో ఇంకొకటి లేదని కాదు.

కొత్తిల్లు | అక్టోబరు 20

పొగగొట్టం గారూ, ధన్యవాదాలు. ఆటోమేటిక్ డెలివరీ నిజంగానే ఉంది! పాత యజమాని పేరు మీదే నడుస్తోంది. రద్దు చేయించాను, జవాబు కూడా వచ్చింది.

ఎర్రమట్టి గారూ, మా లాయరు చెబితే కొనేముందు మెటల్ డిటెక్టరుతో పెరడంతా గాలించారు. ఏమీ లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు కానీ భద్రంగానే ఉంది.

పాతకాపు | పార్సిపనీ, న్యూజెర్సీ | అక్టోబరు 20

అదృష్టవంతులు. ఆ కాగితం విలువ మాలాంటి వాళ్లను అడిగితే చెబుతాం. మేము 1990లలో ఇల్లు కొన్నప్పుడు ఇవన్నీ చెప్పే దిక్కు లేదు. ఇల్లంతా గ్యాసుతో నడుస్తోంది, ఆయిల్ మాటే లేదు. చాలా ఏళ్ల తరువాత అమ్మకానికి పెడితే, కొనడానికి వచ్చినవాళ్లు పరికరం తెచ్చి గాలించారు. గులాబీ మొక్కల కింద బీప్ మంది. తవ్వితే 550 గ్యాలన్ల ట్యాంకు, అడుగున చిల్లులు. మా కంటే ముందున్నవాళ్లో, వాళ్లకు ముందున్నవాళ్లో గ్యాసుకు మారి దాన్ని అలాగే మట్టిలో వదిలేశారు. 1970ల్లో ఆయిల్ ధరలు మండిపోయినప్పుడు ఇలా మారిన ఇళ్లు ఇక్కడ బోలెడు.

బిల్లు మాత్రం మాకే వచ్చింది. నేలలో కారిన ఆయిల్‌ను ఎవరు వాడారన్నది పక్కన పెడితే, ఇప్పుడు ఇల్లు ఎవరిదైతే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మా ఇన్సూరెన్సు కంపెనీ పాలసీలో కాలుష్యానికి మినహాయింపు ఉందని చూపించి చేతులు దులుపుకుంది.

తాళింపు | న్యూ హేవెన్, కనెక్టికట్ | అక్టోబరు 20

పాతకాపు గారూ, అయ్యో. చివరికి ఎలా తేలింది?

పాతకాపు | అక్టోబరు 21

తేలింది అమ్మా, తేలేసరికి ఏడాది పట్టింది. కొనేవాళ్లు వెళ్లిపోయారు. చిల్లు కనబడగానే ట్యాంకు తీసినవాళ్లే రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైనుకు ఫోను చేసి కేసు నంబరు తీసుకున్నారు. మట్టి తవ్వి లారీల్లో తరలించారు, నమూనాలు ల్యాబుకు పంపారు, తవ్విన గోతిలో శుభ్రమైన మట్టి పోశారు. చివరికి ఇక చేయాల్సిందేమీ లేదని శాఖవారి ఉత్తరం వచ్చింది. ఇక్కడ దాన్ని 'నో ఫర్దర్ యాక్షన్' ఉత్తరం అంటారు. ఆ ఒక్క కాగితం కోసం పెట్టిన డబ్బుతో మా అమ్మాయి చదువు ఒక ఏడాది గడిచేది.

ఎర్రమట్టి | అక్టోబరు 21

పాతకాపు గారి విషయం కొత్తవాళ్లకు పనికొస్తుంది కాబట్టి ఒకటి కలుపుతాను. ఇంట్లో వాడుకకు ఉంచుకున్న హీటింగ్ ఆయిల్ ట్యాంకులకు ఫెడరల్ భూగర్భ ట్యాంకుల నిబంధనలు వర్తించవు. దాంతో అడిగేవాడే లేడని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. రాష్ట్రాల చట్టాలు ఉన్నాయి, కారిందంటే అవి వర్తిస్తాయి. నేలలోని ట్యాంకును శుభ్రం చేసి, ఇసుకో నురుగో నింపి అక్కడే వదిలేసే పద్ధతి కూడా ఉంది. ఇంటి పునాది కిందో వరండా కిందో ఉండి తవ్వడం కుదరనప్పుడు అది తప్పదు. తవ్వగలిగితే తీసేయించడమే నా సలహా. నింపి వదిలేసిన ట్యాంకు కాగితాలు పక్కాగా ఉన్నా, దాన్ని చూసి వెనక్కి తగ్గే కొనుగోలుదారులు ఉంటారు.

బందరు_లడ్డు | మచిలీపట్నం | అక్టోబరు 21

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడని ఈ చర్చ చదువుతున్నాను. ఇంట్లో ట్యాంకు పెట్టుకుని దాన్ని వదిలించుకోవడానికి ఎదురు డబ్బులివ్వడం ఏమిటండీ? ఇక్కడ పాత ఇనుప సామాన్ల వాడు కేకేస్తే చాలు, వాడే కిలోల లెక్కన డబ్బిచ్చి, మోసుకుపోయి, మళ్లీ అల్లుడి పెళ్లికి పిలుస్తాడు.

రెంచి | అక్టోబరు 21

లడ్డు గారూ, ఇక్కడా స్క్రాప్ యార్డులు ఉన్నాయి. కానీ మూతపెట్టిన ట్యాంకును గేటు దాటనివ్వవు. లోపలి ఆవిరితో కోతయంత్రం దగ్గర మంట పుడుతుందని వాళ్ల భయం. కోసి, తెరిచి, లోపల తుడిచి, ఆయిల్ చుక్క లేదని కళ్లకు కనబడితేనే తీసుకుంటారు. ఖాళీ ట్యాంకు 250 పౌండ్ల పైమాటే, అంటే 110 కిలోలకు తక్కువుండదు. దానికొచ్చే ఇనుము డబ్బు పని చేసినవాళ్ల మధ్యాహ్న భోజనానికి సరి.

నిండా ఉన్నదైతే ఆ ఆయిల్ బరువే దాదాపు 1,900 పౌండ్లు. అందుకే ఆయిల్ ఉండగా ట్యాంకును ఒక్క అంగుళం కూడా జరపాలని చూడకండి. కాళ్లు తుప్పు పట్టి ఉంటాయి.

తాళింపు | అక్టోబరు 22

మా ఇంట్లో కిందటి ఏడాది తీయించాం, హీట్ పంపుకు (కరెంటుతో బయటి వేడిని ఇంట్లోకి లాగే యంత్రం) మారినప్పుడు. పని జరుగుతున్నంతసేపూ నేను మెట్ల మీదే కూర్చున్నాను, కాబట్టి ఎలా జరుగుతుందో చెబుతాను.

ఇద్దరు వచ్చారు. నేలంతా మందపాటి ప్లాస్టిక్ పరిచి, దాని మీద ఆయిల్ పీల్చే తెల్లటి గుడ్డలు వేశారు. ముందు లారీ నుంచి గొట్టం లాగి, పైనున్న కంతలోంచి ఆయిల్ తోడేశారు. ఆ తరువాత రంపం మిషనుతో ట్యాంకును మధ్యకు అడ్డంగా కోశారు. గ్యాసు మంటతో కోయరు, అది గుర్తుపెట్టుకోండి. ఎవరైనా మంట గొట్టం తెస్తే పని ఆపేయండి. కోత పూర్తయ్యి రెండు ముక్కలూ విడిపోగానే అడుగు కనబడింది. నాలుగు వేళ్ల మందాన నల్లటి ముద్ద, పైన తుప్పు పెచ్చులు తేలుతున్నాయి. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని ప్లాస్టిక్ చేటతో దాన్ని ఎత్తి డ్రమ్ములో వేశాడు. ఆ తరువాత మట్టి గుళికలు చల్లి లోపలంతా రుద్ది తుడిచాడు. ట్యాంకు అడుగు రేకును నాకు చూపించాడు: బయటివైపు నిగనిగలాడే రంగు, లోపలివైపు గోరు దిగేంత గుంటలు. నీరు అడుగున చేరి లోపలినుంచే తినేస్తుందట. బయటినుంచి చూస్తే ఇంకో పదేళ్లు నిక్షేపంలా ఉంటుందనుకునేవాళ్లం.

వాసన మాత్రం మూడు, నాలుగు రోజులు ఉంది. కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టాం. నేల మీద పడిన మరకలకు పిల్లుల మట్టి (పెంపుడు పిల్లుల మలమూత్రాల తొట్టిలో వేసే, తడి పీల్చే గుళికలు) చల్లి, ఒక రాత్రి వదిలేసి ఊడ్చి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే తగ్గింది.

పొగగొట్టం | అక్టోబరు 22

బాగా చెప్పారు తాళింపు గారూ. ఒక ప్రశ్న. బయట గోడకున్న పైపులు తీశారా?

తాళింపు | అక్టోబరు 22

తీశారు. ఆ రెండు కన్నాలనూ సిమెంటుతో పూడ్చారు కూడా. అడిగి చేయించాల్సి వచ్చింది అనుకోండి.

పొగగొట్టం | అక్టోబరు 22

నేను అసలు రాయాలనుకున్నది అదే. కొత్తిల్లు గారూ, ఈ చర్చలో ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

మీ ఇంటి బయట గోడకు రెండు పైపులు ఉంటాయి. ఒకటి ఆయిల్ పోసేది, ఇంకొకటి గాలి బయటికి వచ్చేది. డెలివరీ మనిషి గొట్టం బిగించి పోయడం మొదలుపెడితే, లోపలి గాలి రెండో పైపులోంచి వస్తూ ఈల వేస్తుంది. ట్యాంకు నిండగానే ఈల ఆగుతుంది, అతను పోయడం ఆపుతాడు. ఇప్పుడు లోపల ట్యాంకు లేదనుకోండి, పైపు మాత్రం గోడకు అలాగే ఉంది. అతను బయట నిలబడ్డాడు కాబట్టి ట్యాంకు లేదని ఎలా తెలుస్తుంది? పక్కింటికి రావాల్సిన లారీ ఇంటి నంబరు పొరబడి మీ దగ్గర ఆగిందో, రద్దు చేసిన ఖాతా కంప్యూటర్లో మళ్లీ లేచిందో, వంద, రెండు వందల గ్యాలన్లు నేరుగా బేస్‌మెంటు నేల మీద పడతాయి. ఇది కల్పన కాదు, ఇక్కడ వార్తల్లో పలుమార్లు వచ్చింది. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోయినవాళ్లు ఉన్నారు.

మూత బిగించి వదిలేయడం చాలదు. మూతలు తీయడానికే కదా ఉన్నది! పైపును పూర్తిగా పీకించాలి, కుదరకపోతే సిమెంటు నింపించాలి. అది కూడా ట్యాంకు బయటికి వెళ్లిన రోజే. "రేపు వచ్చి చేస్తాం" అంటే ఒప్పుకోకండి.

ఎర్రమట్టి | అక్టోబరు 22

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇంకో రెండు చిన్న విషయాలు. ట్యాంకు నుంచి ఫర్నేసుకు వెళ్లే సన్నటి రాగి గొట్టం పాత ఇళ్లలో కాంక్రీటు కిందుగా పోతుంది. దానిలోని ఆయిల్‌ను తీసి రెండు కొసలూ మూయించాలి. రెండోది, బేస్‌మెంటులో నీరు తోడే సంప్ పంపు ఉంటే పని జరిగే రోజున దాని ప్లగ్గు తీసేయండి. గుంటలోకి ఆయిల్ చేరితే ఆ పంపు శ్రద్ధగా దాన్ని తోడి పెరట్లో పోస్తుంది, బేస్‌మెంటు సమస్య కాస్తా నేల సమస్య అవుతుంది.

రెంచి | అక్టోబరు 23

ఇవన్నీ సరే. అసలు ప్రశ్న అలాగే ఉంది. కాల్చగా మిగిలిన ఇరవై, ముప్పై గ్యాలన్లను ఆయిల్ వాడే పొరుగువాళ్లకు ఇస్తే తప్పా? మంచి సరుకే కదా. తోడుకుపోయే కంపెనీ దాన్ని ఏం చేస్తుంది, వడగట్టి వాళ్ల షెడ్డులో పొయ్యికి వాడుకుంటుంది. నా దగ్గర తోడినందుకు డబ్బు తీసుకుని, నా ఆయిల్‌తోనే చలి కాచుకోవడం!

ఎర్రమట్టి | అక్టోబరు 23

తప్పని అనను, నేనైతే చేయను. మీ మడ్డి వాళ్ల ట్యాంకులోకి వెళ్లి, జనవరి అర్ధరాత్రి వాళ్ల బర్నరు ఆగిపోతే మొదటి ఫోను మీకే వస్తుంది. డబ్బాల్లో మోసేటప్పుడు ఒలికితే అది ఎవరి వాకిట్లో పడితే వాళ్ల తలనొప్పి. మా రాష్ట్రంలో ఒలికిందని తెలిస్తే వెంటనే చెప్పాలి. మసాచుసెట్స్‌లో 10 గ్యాలన్లు గానీ అంతకు మించి గానీ ఒలికితే 2 గంటల్లో రాష్ట్ర శాఖకు తెలపాలన్నది నియమం.

పాతకాపు | అక్టోబరు 23

ఇద్దరూ సబబుగానే మాట్లాడుతున్నారు. నేను మధ్యేమార్గం చెబుతాను. తీసుకునే మనిషికి అది పాత ట్యాంకు ఆయిల్ అని ముందే చెప్పి, పైపై ఆయిల్ మాత్రమే ఇవ్వాలి. చివరి అరడుగు జోలికి వెళ్లకూడదు. తోడే ముందు పొడవాటి కర్రకు నీటిని పట్టే ముద్ద పూసి ట్యాంకు అడుగు తాకేదాకా దించి చూడాలి. నీరు ఎంత ఎత్తున ఉందో అంత మేరా రంగు మారుతుంది. డబ్బాలు పసుపువి వాడాలి. ఇక్కడ పసుపు డీజిలుకు, ఎరుపు పెట్రోలుకు, నీలం కిరోసినుకు. ఎర్ర డబ్బాలో పోసి గ్యారేజీలో పెడితే, ఎవరో ఒకరు తీసుకెళ్లి గడ్డి కోసే మిషనులో పోస్తారు. ఐదు గ్యాలన్ల డబ్బా 35 పౌండ్లు ఉంటుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు మెట్ల మీద మోయకండి.

ఆ తరువాత మిగిలిందానికి కౌంటీవాళ్లు పెట్టే ప్రమాదకర వ్యర్థాల సేకరణ దినం ఉంది. రంగులు, పురుగుమందులు తీసుకునేది అక్కడే. ఎన్ని గ్యాలన్ల దాకా తీసుకుంటారో ముందు ఫోను చేసి కనుక్కోండి, కౌంటీ కౌంటీకి తేడా ఉంటుంది. చాలాచోట్ల డబ్బాలు తిరిగి ఇవ్వరు కాబట్టి పాతవి పట్టుకెళ్లండి. అది ఇంటివాళ్లకు మాత్రమే, కాంట్రాక్టర్లను రానివ్వరు.

వానచినుకు | బెల్‌ఫాస్ట్ | అక్టోబరు 24

ఉత్తర ఐర్లండ్‌లో సగానికి పైగా ఇళ్లు ఆయిల్ మీదే, కాబట్టి ఇక్కడా ఇవే కబుర్లు. కాకపోతే మేము వాడేది కిరోసిను, ట్యాంకు పెరట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది. కొత్తవి ట్యాంకులో ట్యాంకులా రెండు పొరలతో వస్తాయి, లోపలిది కారినా బయటిది పట్టి ఉంచుతుంది. కిరోసిను తేటగా ఉంటుంది కనుక ఇల్లు మారేటప్పుడు తోడి ఇంకో ట్యాంకులో పోసే మనుషులు దొరుకుతారు. చలికాలంలో మా బాధ వేరు. దొంగలు వచ్చి తోడుకుపోతారు. మిగిలిన ఆయిల్ ఎవరికివ్వాలన్న బెంగ మాకు ఉండదు!

రెంచి | అక్టోబరు 24

కొత్తిల్లు గారూ, బెల్‌ఫాస్ట్ దొంగలను పిలిపించుకోండి. పర్మిట్ కూడా అక్కర్లేదు.

వేదిక నిర్వహణ | అక్టోబరు 24

కంపెనీల పేర్లు, ఫోను నంబర్లు అడుగుతూ ముగ్గురు రాసినవి తొలగించాం. దయచేసి వాటిని వ్యక్తిగత సందేశాల్లో పంచుకోండి.

కొత్తిల్లు | నవంబరు 21

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పని పూర్తయింది.

గ్యాసుకు మారడాన్ని వారం వాయిదా వేశాం. ఇంట్లో 74 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టుకుని, చొక్కా చేతులు మడుచుకుని తిరిగాం. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, అమెరికాలో చలి ఉండదని ఊళ్లో చెబుతారు కాబోలు. గేజి అడుగుకు దిగాక ఆపేశాం.

ట్యాంకుకు రెండు కొటేషన్లు తెప్పించాను. ఒకరు 750 డాలర్లు, ఒకరు 1,100. తక్కువ చెప్పినవాళ్లను గుచ్చి గుచ్చి అడిగితే పర్మిట్ రుసుము, మడ్డి డ్రమ్ము, బయట పైపులు, అన్నీ విడి విడిగా అన్నారు. కలిపితే మొదటిదే ఎక్కువయింది. 1,100 వాళ్లు అన్నీ కలిపే చెప్పారు, వాళ్లకే ఇచ్చాం. పైపులు పీకి సిమెంటు పెట్టడం నేను అడగకముందే వాళ్ల కాగితంలో రాసి ఉంది. పొగగొట్టం గారు చెప్పినదాన్ని బట్టి ఆ ఒక్క వాక్యం చూసే సంతకం పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ట్యాంకు ఉన్నచోటు నేల మీద చేయి పెట్టి రాసి వాసన చూశారు, బయట గోడ చూశారు, రాగి గొట్టం రెండో కొస ఎక్కడ అని అడిగారు. అది మూసినట్టు చూపించాక ఆమోద పత్రం వచ్చింది.

ఎర్రమట్టి | నవంబరు 21

బాగుంది. ఆ పత్రం, ఆయిల్, మడ్డి ఎక్కడికి తరలించారో చెప్పే రసీదు, మునుపటి పెరటి గాలింపు కాగితం, మూడూ ఒకే కవరులో పెట్టండి. మడ్డి రసీదు ఇవ్వలేదంటే ఇప్పుడే అడగండి. ఏడాది పోతే వాళ్ల దగ్గరా దొరకదు. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ఆయిల్ ట్యాంకు లేదని రాయండి, కొన్ని కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి.

కొత్తిల్లు | నవంబరు 21

రసీదు ఇవ్వలేదు! ఇప్పుడే ఫోను చేస్తాను.

తెల్లకాగితం | ఫ్రేమింగ్‌హామ్, మసాచుసెట్స్ | జనవరి 12

కొత్త సభ్యురాలిని. ఈ చర్చ అంతా చదివాను. మాది ఇంకా ఆయిల్ ఇల్లే. హీట్ పంపు పెట్టించినా, బాగా చలి పడ్డప్పుడు పనికొస్తుందని ఆయిల్ ఉంచుకున్నాం. ఇవాళ చూస్తే ట్యాంకు అడుగున అరచేయంత చెమ్మ ఉంది. బయట మంచు పడుతోంది కాబట్టి ట్యాంకు చెమట పట్టిందేమో అని మావారు అంటున్నారు. నిజమేనా?

పొగగొట్టం | జనవరి 12

తెల్లటి కాగితపు రుమాలుతో అద్ది చూడండి. నీరైతే ఆరిపోతుంది. ఎర్రగా, జిడ్డుగా అంటుకుని వాసన వస్తే ఆయిలే.

తెల్లకాగితం | జనవరి 12

గులాబీ రంగు మరక వచ్చింది. ఆరడం లేదు.

పొగగొట్టం | జనవరి 12

అది చెమట కాదమ్మా. కిందేదైనా వెడల్పాటి తొట్టి పెట్టండి, బకెట్టు సరిపోదు, చుక్క పక్కకు జరగవచ్చు. తడి పడినచోట గీకడం, గోకడం, జిగురు పూయడం ఏమీ చేయకండి. తుప్పు పెచ్చు ఊడితే చెమ్మ కాస్తా ధార అవుతుంది. మీ ఆయిల్ కంపెనీ అత్యవసర నంబరుకు ఫోను చేసి కారుతోందని చెప్పండి. వాళ్ల దగ్గర అయస్కాంతంతో అంటుకునే అతుకు ఉంటుంది, అది కొన్ని రోజులు ఆపుతుంది. ఆలోపు ట్యాంకు మార్పించడమో తీయించడమో తేల్చుకోండి. ఆ ట్యాంకులో ఇక ఆయిల్ పోయించకండి. తీయించాలనుకుంటే మన రాష్ట్రంలో అగ్నిమాపక శాఖ పర్మిట్ కావాలి. ఇంటి పాలసీ తీసి ఆయిల్ లీకేజీకి విడిగా కవరేజి కొన్నారేమో చూడండి. మన రాష్ట్రంలో కంపెనీలు దాన్ని అమ్మకానికి పెట్టి తీరాలి, కానీ కొనడం మన ఇష్టం, చాలామంది కొనరు.

ఎర్రమట్టి | జనవరి 12

సంప్ పంపు ప్లగ్గు.

తెల్లకాగితం | జనవరి 12

తీసేశాను. పిల్లలు ఆడుకునే నీళ్ల తొట్టిని కిందికి తోశాం. కంపెనీ మనిషి సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. పాలసీ కోసం మావారు అల్మరా అంతా కింద పోశారు.